మేత మారితే మాంసం హలాల్ అవుతుందా?

భూమిలో ఉన్నవాటిలో ధర్మసమ్మతమైనవీ, పరిశుద్ధమైనవీ తినమని దివ్యఖుర్ఆన్ విశ్వాసులకే కాదు, మానవులందరికీ చెబుతోంది (అల్ బఖర: 168). ఈ ఆదేశంలో రెండు మాటలున్నాయి. ఒకటి హలాల్, రెండోది తయ్యిబ్. మొదటిది అనుమతికి సంబంధించినది. రెండోది ఆ ఆహారం శుభ్రతకు, మేలుకు సంబంధించినది. మొదటి మాట మన ఇళ్ళలో రోజూ వినిపిస్తుంది. రెండో మాటను మనం అంతగా పట్టించుకోము. మురికి కాలువ పక్కన ఈగలు ముసురుతున్న మాంసం కొంటూ కూడా, జిబహ్ సరిగా అయిందా అని మాత్రమే అడిగి తృప్తిపడతాం.

ఈ రెండు మాటలనూ కలిపి ఆలోచించక తప్పని వస్తువు ఒకటి ఇప్పుడు లోకంలోకి వచ్చింది. జంతువును మేపి పెంచకుండా, దాని శరీరం నుండి తీసిన కొద్దిపాటి కణాలను పోషక ద్రవంలో వృద్ధిచేసి తయారుచేసే మాంసం అది. 2013 ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మార్క్ పోస్ట్ ఇలా పెంచిన ఆవు మాంసాన్ని లండన్‌లో విలేఖరుల ఎదుట వండించి చూపించారు. ఆ ఒక్క ముద్దకు సుమారు 2.5 లక్షల యూరోలు ఖర్చయింది. 2020 డిసెంబరులో సింగపూర్ ఇలాంటి కోడిమాంసం అమ్మకానికి అనుమతి ఇచ్చింది. 2023 జూన్‌లో అమెరికా రెండు కంపెనీలకు అనుమతి ఇచ్చింది. అదే ఏడాది ఇటలీ దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మన హైదరాబాదుకు కూడా ఈ విషయంతో సంబంధం ఉంది. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఇక్కడి సి.సి.ఎం.బి.కి, జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి కలిపి ఈ పరిశోధన కోసం సుమారు 4.5 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కాబట్టి ఇది ఎక్కడో దూరదేశాల వింత అనుకుని వదిలేయటానికి వీలులేదు. సింగపూర్‌లో, అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఇంటికి ఫోన్ చేసి అడిగే రోజు రావచ్చు.

ఈ మధ్య దీనికి మరో మాట తోడైంది. కణాలను పెంచే ద్రవంలో జంతు పదార్థాలు తీసేసి మొక్కల నుండి తీసినవి వాడుతున్నారట. మొక్కలతోనే పెరిగిన మాంసమైతే ఇక ముస్లింలకు అభ్యంతరం ఏముంటుంది అని కొందరు అంటున్నారు. ఈ మాటలో ఎంత నిజముంది, ఎంత తొందరపాటు ఉంది అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచింది. ఫత్వా ఇవ్వటం ముఫ్తీల పని. కానీ ప్రశ్నను సరిగా అడగటం మన పని. నాలుకలు ఎలా పలికితే అలా ఇది హలాల్, ఇది హరామ్ అని అల్లాహ్‌కు అబద్ధం అంటగట్టవద్దని అన్ నహ్ల్ సూరా హెచ్చరిస్తోంది (116). ఆ హెచ్చరిక తొందరపడి హలాల్ అనేవారికీ వర్తిస్తుంది, తొందరపడి హరామ్ అనేవారికీ వర్తిస్తుంది. ఈ రెండో సంగతి మనవాళ్ళు తరచుగా మరిచిపోతుంటారు.

కణానికి మేత ఏమిటి?

జంతువు కండలో పోగులను అంటిపెట్టుకుని కొన్ని మూలకణాలు ఉంటాయి. కండకు గాయమైనప్పుడు మేల్కొని, రెట్టింపవుతూ, కొత్త పోగులుగా మారి గాయాన్ని పూడ్చటం వాటి పని. సృష్టికర్త చేసిన ఏర్పాటిది. శాస్త్రవేత్తలు ఈ కణాలనే వేరుచేసి చక్కెర, లవణాలు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు కలిపిన ద్రవంలో, జంతు శరీరానికి ఉండే వేడిలో ఉంచుతారు. ముందు అవి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరగాలి. తగినంత సంఖ్య అయ్యాక పెరుగుదల ఆపి, ఒకదానితో ఒకటి కలిసి పోగులు కావాలి. కణం పెరుగుతున్నంతసేపు పోగు కాదు, పోగు అయ్యాక ఇక పెరగదు. పైగా మరీ ఎక్కువసార్లు విభజన జరిగితే కణం అలసిపోయినట్టై, పోగుగా మారే శక్తినే కోల్పోతుంది. ఈ పరిశ్రమకు ఉన్న పెద్ద చిక్కుల్లో ఇదొకటి.

చక్కెర, లవణాలు మాత్రమే ఇస్తే కణాలు పెరగవు. పెరగమని వాటికి చెప్పే సంకేతాలు కావాలి. ఆ సంకేతాల కోసం దశాబ్దాలుగా ప్రయోగశాలలు ఎక్కువగా ఆధారపడినది ఆవు కడుపులోని పిండం రక్తం మీద. కబేళాలో కోసిన ఆవు చూడితో ఉందని తేలితే, గర్భసంచిని బయటికి తీసి, పిండం గుండెలోకి సూది గుచ్చి రక్తం లాగుతారు. గడ్డకట్టే భాగాన్ని తీసివేస్తే ఎండుగడ్డి రంగు ద్రవం మిగులుతుంది. దాన్నే సీరం అంటారు. మామూలుగా పోషక ద్రవంలో 10 నుండి 20 శాతం దాకా దీన్ని కలుపుతారు. 2013 నాటి లండన్ ముద్ద కూడా దీనితో పెరిగినదే. జంతుహింస లేని మాంసమని లోకానికి చాటింపు వేసిన వస్తువు, పుట్టని దూడ గుండెలోని రక్తం తాగి పెరిగిందన్నమాట!

రంగు ఎర్రగా లేనంత మాత్రాన అది రక్తం కాకుండా పోదు. దివ్యఖుర్ఆన్ నిషేధించింది ప్రవహించే రక్తాన్ని (అల్ అన్ఆమ్: 145). జిబహ్ అయ్యాక మాంసంలో, సన్నని నరాల్లో మిగిలిపోయే చెమ్మను ధర్మశాస్త్రవేత్తలు క్షమార్హంగా ఎంచారు. కానీ సూదితో లాగి సీసాల్లో నింపిన రక్తానికి ఆ మినహాయింపు వర్తించదు. తల్లిని జిబహ్ చేస్తే కడుపులోని పిండానికీ అదే జిబహ్ అవుతుందని తెలిపే హదీసు ఉంది. చనిపోయి బయటపడిన పిండం విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దీన్ని ఒప్పుకోలేదు. ఎవరి అభిప్రాయం తీసుకున్నా, హలాల్ జంతువు రక్తమైనా రక్తం రక్తమే.

ఇప్పుడు మొక్కల సంగతి. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ఆవు కండర మూలకణాలను సీరం లేకుండా పెంచే ఒక ద్రవాన్ని ప్రకటించారు. అందులో కీలకమైన అల్బుమిన్ అనే మాంసకృత్తు చాలా ఖరీదైనది. దాని బదులు ఆవాల జాతికి చెందిన రేప్‌సీడ్ గింజల మాంసకృత్తులు వాడవచ్చని 2023లో అదే బృందం చూపించింది. నూనె గింజలను గానుగ ఆడించాక మిగిలే చెక్కలో ఇలాంటి మాంసకృత్తులే ఉంటాయి. మన పల్లెల్లో గేదెలకు నానబెట్టి పెట్టే చెక్క కూడా అదే కదా! గేదె నోటితో తిని కండగా మార్చుకునే దానినే ఇక్కడ కణానికి నేరుగా అందిస్తున్నారు.

ఇవి కాక మొక్కల్లో అతి తక్కువ మోతాదులో ఉండే కొన్ని పదార్థాలను కూడా కండర కణాల మీద పరీక్షిస్తూ వచ్చారు. నారింజ, బత్తాయి జాతి పండ్లలోని నరింజెనిన్, ఉల్లిగడ్డలోని క్వెర్సెటిన్, పసుపులోని కుర్కుమిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరాట్రాల్ అలాంటివి. (నరింజెనిన్ అన్న పేరులో ఉన్నది మన నారింజే.) ఇవి కణానికి తిండి కావు. కణం పెరిగేటప్పుడు దాని లోపల పుట్టే హానికర పదార్థాలను అణచటం, పోగుగా మారే సమయంలో దాన్ని ఆ దారిలోకి మళ్ళించటం వీటి నుండి ఆశిస్తున్న పని. మోతాదు కుదిరితే మేలు, మించితే అవే కణాన్ని చంపుతాయి. వంటలో చిటికెడు పసుపు లాంటిదే ఇది కూడా.

సింగపూర్‌లో అమ్మకానికి వచ్చిన కోడిమాంసం తయారీలో మొదట దూడ సీరం వాడారు. సీరం లేని ద్రవంతో పెంచటానికి ఆ కంపెనీకి 2023 జనవరిలో అక్కడి ఆహార సంస్థ అనుమతి ఇచ్చింది. అంటే రక్తం లేకుండా ఈ పని జరుగుతుందని కేవలం కాగితాల మీద కాదు, బజారులోనే రుజువైంది.

జల్లాలా చెప్పే పాఠం

ఈ కొత్త సమస్యకు పాత గ్రంథాల్లో పోలిక దొరకదని అనుకోవద్దు. మేత చెడిపోయిన జంతువు గురించి మన ధర్మశాస్త్రం ఎప్పుడో మాట్లాడింది. మలం, అశుద్ధం తిని బతికే జంతువును జల్లాలా అంటారు. దాని మాంసాన్ని, పాలను దైవప్రవక్త (సల్లం) వారించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ఆయనే అశుద్ధం తినే కోడిని మూడు రోజులు కట్టివేసి, శుభ్రమైన మేత పెట్టి, ఆ తర్వాత కోసేవారని కూడా ఉల్లేఖనం ఉంది. పెద్ద జంతువులకు ధర్మశాస్త్రవేత్తలు ఇంకా ఎక్కువ గడువు చెప్పారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) అనుయాయుల వద్ద ఈ విషయంలో సడలింపు ఉంది.

దీన్ని కొంచెం నిలిచి ఆలోచించాలి. సీరంతో పెరిగిన మాంసాన్ని సమర్థించేవారు ముందుకు తెచ్చే వాదన ఇస్తిహాలా, అంటే ఒక వస్తువు పూర్తిగా మారిపోయి మరో వస్తువు కావటం. సారాయి తనంతట తాను సిర్కాగా మారితే హలాల్ అవుతుంది. ఉప్పు గనిలో పడిన గాడిద కాలక్రమంలో ఉప్పుగా మారిపోతే అది ఉప్పే అని హనఫీ పండితులు చెప్పారు. అలాగే కణం తాగిన రక్తం కండగా మారిపోయింది కనుక ఇక అది రక్తం కాదని వీరి మాట. పేడకూ రక్తానికీ మధ్య నుండి స్వచ్ఛమైన పాలను ఇస్తున్నట్లు అల్లాహ్ మనకు గుర్తుచేయటాన్ని (అన్ నహ్ల్: 66) కూడా వీరు ప్రస్తావిస్తారు.

వాదన బలహీనమైనదేమీ కాదు. అయినా మాకు ఒక సందేహం మిగులుతోంది. మారిపోవటమే చాలు అనుకుంటే, కోడి తిన్న అశుద్ధం కూడా కోడి కండగానే మారింది కదా! మరి దాన్ని మూడు రోజులు కట్టివేయటం ఎందుకు? మేత కండగా మారినా సరే, మేత ఏమిటన్నది షరీఅత్ పట్టించుకుంది. పైగా పాలు సృష్టికర్త ఏర్పాటు. సీరం మనిషి ఏరికోరి సీసాలో పోసినది. ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచలేము.

ఇక్కడే మొక్కల పదార్థాల ప్రాముఖ్యం తెలుస్తుంది. రక్తం తప్ప మార్గం లేని రోజుల్లో, పరిశోధనకు అవసరం కదా అని ఎవరైనా అనగలిగేవారు. అవసరం వల్ల వచ్చిన సడలింపు ఆ అవసరం ఉన్నంత మేరకే అన్నది ధర్మశాస్త్రంలో అందరూ అంగీకరించిన సూత్రం. చెక్కతో పని జరుగుతున్నప్పుడు రక్తానికి సాకు లేదు. కనుక మొక్కల మేత కనుగొనటం వల్ల జరిగింది కేవలం ఖర్చు తగ్గటం కాదు. నిన్నటిదాకా చర్చకు తావున్న చోట ఈరోజు చర్చకు తావు తగ్గింది. సీరం వాడుతూనే ఉంటామనే కంపెనీ మాంసం ముస్లిం తినాల్సిన అగత్యం ఏమీ లేదు.

ఇంకొకటి. మొదట్లో సీరంలో పెరిగిన కణాలను ఒక్కసారిగా మొక్కల ద్రవంలోకి మారిస్తే తరచుగా తట్టుకోలేవు. సీరం పాలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ అలవాటు చేస్తారు. జల్లాలాను కట్టివేసి శుభ్రమైన మేతకు మార్చటం కూడా ఇలాంటిదే కాదూ? కణం ఒకటి రెండైన ప్రతిసారీ లోపలున్న పాత మేత సగానికి సగం పంచుకుపోతుంది. ఇరవైసార్లు రెట్టింపైతే ఒక్క కణం 10 లక్షల 48 వేలకు పైగా కణాలవుతుంది. మొదటి కణంలో ఉన్న సీరం అన్నింటికీ పంచితే మిగిలేది పది లక్షల్లో ఒక వంతు కూడా కాదు. కోడికి మూడు రోజులు చాలన్న మన పెద్దలు దీన్ని చూస్తే ఏమనేవారో ఊహించవచ్చు. మేత విషయంలో మాత్రం ఈ దారి ఆశాజనకంగానే ఉంది.

అయితే మొక్క నుండి వచ్చిందంటే చాలు, అడగక్కర్లేదు అనుకోవటం అమాయకత్వం. కల్లు తాటిచెట్టు నుండే వస్తుంది. ఇప్పసారా పువ్వు నుండే వస్తుంది. పైన చెప్పిన కుర్కుమిన్, క్వెర్సెటిన్, నరింజెనిన్ లాంటివి నీళ్ళలో సరిగా కరగవు. ప్రయోగశాలల్లో వాటిని ఆల్కహాలులోనో, డి.ఎం.ఎస్.ఓ. అనే రసాయనంలోనో కరిగించి చుక్కలుగా కలుపుతారు. ద్రాక్ష సారాయి కాని ఆల్కహాలు ఇంత స్వల్పంగా వాడినప్పుడు దాని హుక్మ్ ఏమిటన్నది పండితుల మధ్య వేరే చర్చ. అలాగే కండ ముక్క నుండి, గాజు పాత్ర గోడ నుండి కణాలను విడదీయటానికి ట్రిప్సిన్ అనే పదార్థం వాడతారు. సంప్రదాయంగా దాన్ని పంది క్లోమం నుండి తీసేవారు. ఇప్పుడు జంతువుతో పనిలేకుండా తయారయ్యేది కూడా దొరుకుతోంది. ఏది వాడారు అని అడిగితే తప్ప తెలియదు. డబ్బా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసినంత మాత్రాన ఈ ప్రశ్నలు తీరవు.

మేత కలుస్తుంది, పుట్టుక కొనసాగుతుంది

ఇప్పటిదాకా చెప్పినదంతా మేత గురించే. అసలు చిక్కు కణం పుట్టుక దగ్గర ఉంది.

దైవప్రవక్త (సల్లం) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి జనం బతికున్న ఒంటెల మూపురాలు, గొర్రెల తోక కొవ్వు కోసుకుని తినేవారు. బతికున్న జంతువు నుండి కోసి తీసినది చచ్చినదానితో సమానమని ఆయన తెలియజేశారు (అబూ దావూద్, తిర్మిజీ). శాస్త్రవేత్తలు సాధారణంగా కణాలు తీసేది బతికున్న పశువు నుండే. చిన్న సూదితో, మత్తిచ్చి, నువ్వుగింజంత ముక్క తీస్తారు. జంతువు బతికే ఉంటుంది, గాయం మానిపోతుంది. లోకం దృష్టిలో ఇది ఎంతో కరుణ. కానీ పై హదీసు ప్రకారం ఆ ముక్క మురదార్. ఇండోనేషియాలోని నహ్‌దతుల్ ఉలమా సంస్థ పండితులు 2021లో ఈ కారణం మీదనే, బతికున్న జంతువు నుండి తీసి పెంచిన మాంసం నిషిద్ధమని తీర్మానించారు.

ఒక తెలివైన పాఠకుడు మమ్మల్ని ఇక్కడ ఆపవచ్చు. ఇరవై రెట్టింపులతో సీరం పోయిందని మీరే అన్నారు. అదే లెక్కన ఆ నువ్వుగింజంత ముక్క కూడా పోయినట్లే కదా, చివరికి పళ్ళెంలోకి వచ్చే మాంసంలో బతికున్న జంతువు నుండి కోసిన పదార్థం ఏముంటుంది అని. ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు వెతికితే మేతకూ పుట్టుకకూ ఉన్న తేడా తెలుస్తుంది. మేత బయటి నుండి వచ్చి కలుస్తుంది, పలచబడుతుంది, పోతుంది. కణం అలా పలచబడదు. అది తనలాంటి మరో కణాన్ని కంటుంది. పంది కణాన్ని వందసార్లు రెట్టింపు చేసి, మొదటి నుండి చివరిదాకా నారింజ రసం, శనగపిండి తప్ప ఏమీ పెట్టకపోయినా, చివరికి వచ్చేది పంది మాంసమే. ఈ విషయంలో ఏ మజ్‌హబ్ వారికీ సందేహం ఉండదు. జాతి వారసత్వంగా వస్తుంది, మేత రాదు.

జాతి సరే, జిబహ్ కాకపోవటం కూడా వారసత్వంగా వస్తుందా? ఇది ఇంకా సూక్ష్మమైన ప్రశ్న. చనిపోయిన మేక కడుపు చీల్చి పిల్లను ప్రాణంతో బయటికి తీస్తే ఆ పిల్ల మురదార్ కాదు. అలాగే ఈ కణాలు కూడా కొత్తగా పుట్టినవే అనుకుందాం. అప్పుడు మరో చిక్కు వస్తుంది. మేకపిల్ల మురదార్ కాకపోయినా, దాన్ని తినాలంటే దానికి విడిగా జిబహ్ కావాలి. కణానికి గొంతు లేదు, కోయటానికి నరాలు లేవు. దానికి జిబహ్ ఎలా? పాతదాని కొనసాగింపే అన్నా జిబహ్ లేదు, కొత్తదే అన్నా జిబహ్ లేదు. బతికున్న మేక నుండి తీసిన కణం విషయంలో ఈ రెండు దారుల్లోనూ మాకు తలుపు మూసే కనిపిస్తోంది. మాకంటే లోతుగా చూడగల పండితులు తెరిచే దారి చూపితే సంతోషమే.

కానీ మరో దారి ఉంది. జిబహ్ చేసిన మేక మాంసంలో మూలకణాలు వెంటనే చచ్చిపోవు. కొన్ని గంటల దాకా బతికే ఉంటాయి. అల్లాహ్ పేరు తలచి కోసిన మేక నుండి, కోసిన తర్వాత ఆ ముక్క తీసుకుంటే, అది అప్పటికే హలాల్ మాంసం. దాన్ని శుభ్రమైన మేతతో పెంచితే హలాల్ మాంసం పెరిగినట్లవుతుంది. 2023 సెప్టెంబరులో ముగ్గురు సౌదీ పండితులు ఒక కంపెనీకి ఇచ్చిన అభిప్రాయంలో ఇలాంటి షరతులే పెట్టారు: జంతువు ధర్మసమ్మతంగా జిబహ్ అయి ఉండాలి, కణాలకు ఇచ్చే పోషకాల్లో రక్తం, మద్యం, పంది పదార్థాలు ఉండకూడదు, ఆ మాంసం ఆరోగ్యానికి హాని చేయకూడదు. 2024 ఫిబ్రవరిలో సింగపూర్ ఇస్లామీయ మండలి ఫత్వా కమిటీ కూడా కొన్ని షరతులతో దీన్ని అనుమతించింది. కణాలు తినదగిన జంతువులవై ఉండాలని, కలిసే పదార్థాలన్నీ హలాల్ అయి ఉండాలని అందులో చెప్పింది.

చేప సంగతి వేరు. చేపకు జిబహ్ అవసరం లేదని మనందరికీ తెలుసు. కాబట్టి పుట్టుక దగ్గర వచ్చే ఈ చిక్కంతా చేప కణానికి చాలావరకు తప్పుతుంది. మిగిలేది మేత ప్రశ్న ఒక్కటే. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2024లో ఇలా చేపమాంసం పెంచే ప్రయత్నానికి ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుంది. మన దేశంలో ముస్లింలకు తక్కువ సందేహంతో అందగలిగేది బహుశా మొదట ఇదే.

కత్తి బరువు

ఈ మాంసాన్ని ప్రచారం చేసేవారు ఎక్కువగా వాడే మాట, చంపకుండా తినవచ్చు అని. ఆ మాటలో ఒక నింద దాగి ఉంది. కోసి తినేవాడు క్రూరుడని. మన తెలుగులో కసాయి అనే మాటకు పట్టిన గతి చూడండి. అది ఒక వృత్తి పేరు. దయలేనివాడు అనే అర్థం దానికి స్థిరపడిపోయింది. ఎన్నో పల్లెల్లో పండుగకూ పబ్బానికీ మేకను కోయటానికి హిందూ సోదరులు కూడా ముల్లాను పిలుచుకునేవారు. పిలిచినవారికి ఆ కత్తి పట్టే చేతికి ఒక నియమం ఉందని తెలుసు.

ఆ నియమం ఏమిటి? కత్తికి పదును పెట్టి జంతువుకు బాధ తగ్గించమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు (ముస్లిం). జంతువు చూస్తుండగా దాని ఎదుటే కత్తి నూరుతున్న వ్యక్తిని మందలించారు. అకారణంగా చంపిన పిచ్చుక కూడా తీర్పుదినాన ఫిర్యాదు చేస్తుందని హెచ్చరించారు. ప్రాణం మనది కాదు, దాని యజమాని అనుమతితో తీసుకుంటున్నాం అని ఒప్పుకోవటమే కోసేటప్పుడు అల్లాహ్ పేరు తలచటంలోని సారం. కనుక మాంసం తినటానికి మనం సిగ్గుపడాల్సిన పని లేదు. అలాగని కోయటం ఎంత పెరిగితే అంత మేలన్నది కూడా మన ధర్మం చెప్పే మాట కాదు. ఇరుకు బోనుల్లో కోళ్ళను కుక్కి, గంటకు వేలకొద్దీ యంత్రాల మీద కోసే పద్ధతిలో ఆ నియమం ఎంత మిగిలిందో మనమూ ఆలోచించాలి. కొత్త మాంసాన్ని సందేహంతో చూసే మనం, రోజూ తినే బ్రాయిలర్ కోడి ఏమి తిని పెరిగిందో ఎప్పుడైనా అడిగామా?

ఒక్క మేకను సరిగా జిబహ్ చేసి, దాని కణాలతో ఎన్నో ఇళ్ళకు మాంసం పెంచగలిగితే ఎన్నో ప్రాణాలు మిగులుతాయి. అది మంచిదే. కానీ ఒకసారి పలికిన బిస్మిల్లాహ్ ఏళ్ళ తరబడి, టన్నుల కొద్దీ మాంసానికి సరిపోతుందా? మాంసం హలాల్ కావటానికి సరిపోవచ్చు. తినేవాడి హృదయానికి సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. నగరాల్లో పెరుగుతున్న మన పిల్లల్లో చాలామంది జిబహ్ ఎప్పుడూ చూడలేదు. వారికి మాంసం ప్లాస్టిక్ సంచిలోనే పుడుతుంది. ఇక జంతువే కనిపించని రోజు వస్తే, ఒక ప్రాణం ఇచ్చిన ఆహారం ఇది అన్న స్పృహ ఎక్కడి నుండి వస్తుంది? ఖుర్బానీ ఉన్నంత కాలం ఆ స్పృహ పూర్తిగా పోదు. అక్కడ ప్రాణం ఉన్న జంతువు, దాన్ని సమర్పించటమే ఆరాధన. పెంచిన మాంసం పంచితే అది దానం అవుతుందేమో గాని ఖుర్బానీ కాదు.

మన ఇళ్ళలో బయోటెక్నాలజీ చదువుతున్న అమ్మాయిలు, అబ్బాయిలు ఇప్పుడు తక్కువేమీ లేరు. వారిలో ఎవరైనా ఇలాంటి ప్రయోగశాలలో చేరితే, ముఫ్తీ సాహెబ్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వారి చేతిలో ఉండాల్సిన కాగితం మీద ఇవి రాసి ఉండాలి: కణం ఏ జంతువుది, బతికుండగా తీశారా, కోశాక తీశారా, కోసినది ఎవరు, ఎవరి పేరుతో కోశారు, కణాలను విడదీసిన పదార్థం ఎక్కడిది, మొక్క పదార్థాన్ని దేనిలో కరిగించారు, సీరం ఎప్పుడు ఆపారు, ఆపిన తర్వాత కణం ఎన్నిసార్లు రెట్టింపైంది. ముఫ్తీ సాహెబ్‌కు ఈ వివరాలు చెప్పగలిగేది ప్రయోగశాలలో పనిచేసేవారే.